భారతమ్మ లోటా

ఆ లోటా నీకు యాడ దొరికింది పాపా? బీరువాలో కింది అరలోనా? ఇట్ల తే, సూస్తాను. కండ్లద్దాలు ఇంట్లో పెట్టి వచ్చినా, పరవాలేదు, యేలు పెట్టి తడిమితే తెలస్తాది. భా, ర, త, మ్మ. సుక్కలు సుక్కలుగా కొట్టిన పేరు గదా, యాడికి పోతాది. ఎవురో భారతమ్మలే. ఊర్లో ఆ పేరు ముగ్గురికి ఉండె. దాని సంగతి తర్వాత సెప్తాగాని, ఆఫీసు నించి నీకేందో కాగితం వచ్చిందంట? ఈ లైబ్రరీకి మనుషులు రావడం లేదు, ఉగాది లోపల పద్ధతి మారకపోతే పుస్తకాలన్నీ మూటగట్టి మండలానికి పంపించేయమని? అట్ల నోరు తెరిచి సూడొద్దు, ఈ ఊర్లో కాగితం కంటే ముందు సంగతి వస్తాది. సరే, కూర్చుంటా, ఆ పేపర్లు రొంత పక్కకు జరుపు. ఇట్లాంటి కాగితమే మునిచంద్రకు గూడా వచ్చింది. ఎనభై నాలుగులో అనుకుంటా. మా సిన్నోడు పుట్టిన యేడు. కాదు, పెద్దోడు. ఎవుడో ఒకడు పుట్టినాడు.

మునిచంద్ర ఎవురా? నీకంటే శానా ముందు ఈ కుర్చీలో కూర్చున్నోడమ్మా. కుర్చీ అంటే ఇది కాదులే, దానికి మూడు కాళ్లూ ఒక ఇటికరాయీ ఉండె. ఆయప్ప వచ్చిన కొత్తలో ఈడికి నలుగురం మొగోళ్లం వస్తా ఉంటిమి. సదివేదానికి కాదు. తిన్నె మింద నీడ ఉంటాది, పేపరు కింద పరుసుకుంటే పడుకునేదానికి బాగుంటాది. ఆడోళ్లు ఎదురుగా కొళాయికాడ బిందెలు పెట్టుకోని గంటలు గంటలు నిలబడతారు గాని, మేము ఉండామని ఈ గడప తొక్కరు. ఆయప్ప పది దినాలు గమ్మున సూసినాడు. పదకొండో దినం మమ్మల్ని తట్టి లేపి, "పొద్దున నీళ్లొచ్చేటప్పుడు తిన్నె ఆడోళ్లది, సాయంత్రం మీది" అన్యాడు. మేము ఊరుకుంటామా. "నీకు ఎవురు సెప్పినార్రా" అని నేనే ఎగిరినా. "రూలు" అన్యాడు. యే రూలో సూపించమంటే, ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీసి గడగడా సదివినాడు. మేము తలకాయలు ఊపి లేసి వచ్చేసినాము. అది కోళ్ల జబ్బుల పుస్తకమని నాకు ఎనిమిదేండ్ల తర్వాత తెలిసింది.

ఇంగ పుస్తకం ఇంటికి తీసకపోవాలంటే డిపాజిట్ కట్టాలంట. ఆడోళ్ల సేతిలో దుడ్డు యాడిది? అప్పుడు ఆయప్ప సెప్పినాడు, దుడ్డు వద్దు, పేరు కొట్టించిన సామాను ఒకటి పెట్టి పోండి అని. పెండ్లికి ఇచ్చిన స్టీలు సామాన్లకు పేర్లు కొట్టిస్తారు గదా, నలుగురి ఇండ్లల్లో కలిసిపోకుండా, అది. పుస్తకం తీసిన సందులో ఆ సామాను పెడతాడు. సుబ్బులమ్మ లోటా ఉండాదంటే ఆ పుస్తకం సుబ్బులమ్మ ఇంట్లో ఉండాదని లెక్క. సంతకం లేదు, యేలిముద్ర లేదు. పుస్తకం గూడా ఏదో ఒకటి ఇచ్చేది కాదు సూడు, "ఇంట్లో ఏమి తంటా" అని ముందు అడిగేవాడు. మన ఇమ్మానుయేల్ పెండ్లాము ఎస్తేరు, మేకలు దగ్గతా ఉండాయనింది, మేకల వైద్యం ఇచ్చినాడు. సుబ్బులమ్మకు గట్టు తగాదా, భూమి కొలతల పుస్తకం ఇచ్చినాడు. ఆయమ్మ అది సదివి సర్వేయరు సేత మూడుసార్లు కొలిపించింది. నాలుగోసారి ఆ సర్వేయరు కొలిచే గొలుసు పొలంలోనే ఇడిసి బస్సెక్కినాడు. పుస్తకాలు వాపసు రావేమోనని మునిచంద్రకు దిగులే లేదు. ఇంటికి సుట్టాలొస్తే లోటాలు సాలవు గదా, సగం సదివిన పుస్తకం సంకలో పెట్టుకోని ఉరుకుతా వచ్చేవాళ్లు.

ఆ భారతమ్మ ఎవురంటావా, మళ్లీ. వదలవే నువ్వు. మా ఇంటామె. ఇప్పుడు సంతోషమా? ఈ లోటా మా మామ తిరుచానూరులో పాత్రలంగట్లో కొని, పేరు కొట్టించి ఇచ్చినాడు. దీన్ని ఈడ పెట్టి ఆమె ఒక కతల పుస్తకం తెచ్చుకునింది. నాకు ఒళ్లు మండింది. యాలంటే, పొయ్యి మింద సంగటి మాడింది. అందురికీ అట్లనే సెప్పినా, సంగటి మాడిందని. ఇప్పుడు నీకు నిజం సెప్తా, ముసలోన్ని, నాకేమి బయం. నేను అయిదో తరగతి దాకా పోయినోన్ని. యేలు పెట్టి అచ్చరం అచ్చరం కూడబలుక్కోవాల. ఆమె ఎనిమిది సదివింది. పొయ్యికాడ కూర్చోని పేజీ మింద పేజీ తిప్పతా, ఆమెలో ఆమె నవ్వతా ఉంటే, నాకు సిగ్గయింది. నేను పక్కనుండేది గూడా తెలీకుండా నవ్వతాదే అని కుళ్లు గూడా. అంతే. ఆమె బావికాడికి పోయినప్పుడు పుస్తకం ఎత్తకపోయి కొట్టంలో దూడకేసే కసువు కింద దూర్చేసినా. పాపం, ఇల్లంతా యెతికింది. "ఎలకలు ఈడ్సకపోయినాయేమో" అన్యా. "నీపాసుగూల, ఆ ఎలకకు మీసాలుండాయి" అనింది.

మూడో దినం ఇన్‌స్పెక్టరు దిగినాడు, సెప్పాపెట్టకుండా. ఈ లైబ్రరీ ఉంచాల్నా ఎత్తేయాల్నా తేల్చేదానికి. బీరువా తెరిస్తే ఏముండాది, లోటాలు, గరిటలు, టిఫిను క్యారియరు, ఇడ్లీ తట్ట, మధ్యలో యాడో ఒక పుస్తకం. "ఏమయ్యా, ఇది లైబ్రరీనా, పెళ్లి వంటిల్లా?" అని గొంతు లేపినాడు. మునిచంద్ర సేతులు కట్టుకోని, "సార్, మీరు ఏ సామానన్నా ఎత్తండి, దాంట్లో కాఫీ పోస్తాను. మీరు తాగే లోపల దాని పుస్తకం వస్తుంది. రాకపోతే నా సేత్తోనే తాళమేసి మీకిస్తాను" అన్యాడు. ఎంత పొగరో సూడు. మేమంతా కిటికీకి ఏలాడతా ఉండాము. ఆ సారు ముందు సుబ్బులమ్మ లోటా ఎత్తినాడు. మునిచంద్ర తిన్నె మింద నిలబడుకోని, "సుబ్బులమ్మత్తా, నీ లోటా ఎవురో ఎంగిలి సేస్తా ఉండారు" అని కూతేసినాడు. సారు రెండు గుక్కలు తాగకముందే ఆయమ్మ పుస్తకం బల్ల మింద కొట్టి, సారు సేతిలో లోటా పీక్కునింది. రెండోది ఎస్తేరు క్యారియరు. దాని మూతలో కాఫీ పోసినారు, సారు ఎట్ల తాగాల్నో తెలీక సొక్కా మింద పోసుకున్యాడు. ఆ పుస్తకమూ వచ్చింది. మూడోది ఎత్తినాడు. నువ్వు పట్టుకోనుండేదే.

మా భారతమ్మ ఉత్త సేతుల్తో వచ్చి గడపకాడ నిలబడి ఏడస్తా ఉండాది. మునిచంద్ర ఆమెను సూడలే. కిటికీలోంచి నన్ను సూసినాడు. ఎట్ల కనిపెట్టినాడో ఆయప్పకే తెలియాల. "సార్, మా కాఫీ సిక్కన, నిదానంగా తాగితేనే రుచి" అంటా, ఊది ఊది ఇస్తా ఉండాడు. నేను పంచె ఎగ్గట్టి ఉరికినా. కొట్టంలో సూస్తే, దూడ ఆ పుస్తకం అట్ట తినేసి, ముందు పేజీ నములుతా ఉండాది. నోట్లోంచి పెరికినా. నేను వచ్చేటప్పటికి సారు కడా గుక్కలో ఉండాడు. సొంగ కారతా ఉండే పుస్తకం బల్ల మింద పెట్టినా. సారు రెండేళ్లతో ఎత్తి, "ఏమిటిది?" అన్యాడు. మునిచంద్ర మొగంలో నవ్వు లేదు. "సార్, ఈ ఊర్లో సదవనోళ్లు ఇంకా ఇద్దరే ఉండారు. దాంట్లో దూడ ఈ దినం మొదలుపెట్టింది" అన్యాడు. అని, నన్ను సూసినాడు. ఊరంతా నన్నే సూసినారు. సారుకు కాఫీ ముక్కులోకి పోయింది. నవ్వి, దగ్గి, పుస్తకాలు బాగా వాడకంలో ఉండాయని రాసిచ్చి పోయినాడు. లైబ్రరీ నిలబడింది.

అందురూ పోయినాక మునిచంద్రను లోటా అడిగినా. ఇయ్యలే. "దూడ తినిందానికి జరిమానా. నువ్వు ఒక పుస్తకం తీసకపోయి, సదివి, నాకు కత సెప్పు మునెయ్యా. అప్పుడిస్తా" అన్యాడు. రేపన్యా. ఎల్లుండన్యా. భారతమ్మ మొండిది, నా లోటా ఇంటికి వచ్చిందాకా ఆ గడప తొక్కనని కూర్చునింది. కత సగంలో ఉండాది, అయినా పోలేదు. నా సిగ్గుకు ఆమె సదువు పోయింది పాపా, తప్పు నాదే. ఆయప్ప నేను కనపడినప్పుడల్లా "లోటా నిన్ను అడగతా ఉండాది" అనేవాడు, నేను సందులో దూరేవాన్ని. ఒక దినం పొద్దున్నే సెప్పినారు, మునిచంద్ర గుండె ఆగి పోయినాడని. పాడె ఎనకాల నడస్తా ఏడ్సినా, ఇంగ కత ఎవురికి సెప్పేదని. తర్వాత వచ్చినోళ్లు సామాన్లన్నీ వాపసిచ్చినారు. ఇది నేను అడగలే.

తీసకపొమ్మంటావా? వద్దు వద్దు. ఆ కతల పుస్తకం ఉండాదేమో సూడు, అట్ట లేనిది. ఆ, అదే, ఈ మూల దూడ పండ్లు. ఇట్ల తే. మా భారతమ్మకు ఇప్పుడు సూపు ఆనదు, మొన్న క్యాలెండరు మింద తేదీ తడమతా ఉండె. నేను సదవతా. పేజీకి ఒక దినం పడతాది, పడనీ. నా పేరు రాయొద్దు, లోటా ఆ సందులో పెట్టు. అట్ల కాదు, పేరు బయటికి కనపడేట్టు. రేపు నీళ్లొచ్చే టయానికి బీరువా తెరిచిపెట్టు, సుబ్బులమ్మ మనవరాలి కంట్లో పడితే సాలు, కొళాయికాడ అందురికీ సెప్పి మిగతాది అది సూసుకుంటాది. పోయొస్తా పాపా, కండ్లద్దాలు ఇంట్లోనే ఉండాయి.