లైటు వేసుకోలేదన్నారు

"బ్యాటరీ కొత్తదే అన్నా. నిన్ననే ఏపిచ్చిన. అయినా కాసేపటికే లైటు గుడ్డిగైతున్నది."

శంషాబాద్ బస్టాండు వెనక ఐలయ్య మెకానిక్ షాపు. ఎనిమిది నెలలుగా మూలన పడి ఉన్న పాత బుల్లెట్టును సంతోషి మంఖాల్ నుంచి ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చింది. అది చనిపోయిన ఆమె భర్త గోవర్ధన్‌ది. అమ్మేద్దామని మరిది ముందు చక్రం, హెడ్‌లైటు మార్పించాడు. అమ్మేముందు చార్జింగ్ ఎందుకు ఎక్కడం లేదో తేల్చమని ఆమె అడిగింది.

"అమ్మేటిదానికి ఎందుకు చెల్లె? కొన్నోడు చూసుకుంటడు."

"చూడన్నా."

ఐలయ్య కిక్కు కొట్టి, ఇంజను రేస్ చేశాడు.

"చార్జింగ్ ఎక్కుతుంటే గీ అమ్మీటరు ముల్లు ప్లస్ దిక్కు పోవాలె. పోతలేదు."

"ఏం పోయింది?"

"కరెంటు పుట్టించే కాయిలన్నా పోవాలె, రెక్టిఫయరన్నా పోవాలె. లేకుంటే వైరు."

"ఒక్కొక్కటి చూడు."

కాయిలు నుంచి వచ్చే వైర్లకు బల్బు తగిలించాడు. వెలిగింది.

"కాయిలు మంచిగున్నది. వైర్లు గూడ."

"ఇగ?"

ఐలయ్య చేతులు తుడుచుకుని, గిరాకీలున్నారు, మిగతాది రేపు చూస్తానన్నాడు. ఆమె స్టూలు మీది నుంచి లేవలేదు.

"రెక్టిఫయరు చూడలే నువ్వు."

సీటు కింది నుంచి దాన్ని విప్పాడు. బ్యాటరీకి, బల్బుకు మధ్య అటు పెట్టి చూశాడు, ఇటు పెట్టి చూశాడు. బల్బు వెలగలేదు.

"ఒక దిక్కన్నా వెలగాలె. ఇదే పోయింది."

"అదేం చేస్తది?"

"కాయిలు కరెంటును బ్యాటరీకి ఎక్కేటట్టు చేస్తది. ఇది పోతే బండి ఉత్త బ్యాటరీ మీద నడుస్తది."

"ఎంతసేపు?"

"లైటేస్తే అర్ధగంట. ముప్పావుగంట."

"అటెన్క?"

"ముందు లైటు ఆరిపోతది."

"తనంతట తనే?"

"తనంతట తనే."

సంతోషికి ఏడుపు రాలేదు. ఊరట కూడా కలగలేదు. ఆ రోజు పొద్దు గూకాక, తుక్కుగూడ దగ్గర ఆగి ఉన్న లారీకి గోవర్ధన్ గుద్దుకున్నాడు. బండికి లైటే లేదని లారీ డ్రైవరు చెప్పాడు. పొద్దున మొగుడూపెళ్లాలు కొట్లాడుకున్న సంగతి ఊరందరికీ తెలుసు. లైటు తానే ఆర్పుకుని పోయి గుద్దుకున్నాడని ఊరు తేల్చేసింది. వినీ వినీ ఆమె కూడా సగం నమ్మింది.

"ఆ రోజు నీ దగ్గరికి వచ్చిండా అన్నా?"

"ఏ రోజు?"

"నీకెరుకే."

పైనుంచి విమానమొకటి దిగుతూ పోయింది. ఆ మోత అణిగాక ఐలయ్య రెక్టిఫయరును ఆమె ముందు పెట్టాడు.

"వచ్చిండు. ముల్లు లేస్తలేదన్నడు. కొత్త రెక్టిఫయరు దొరకలే. వేరే బండిది పాతది తీసి పెట్టిన. సోమారం కొత్తది వస్తది, అప్పటి దాంక నడుస్తది, పో అన్న."

"చెక్ చేసి పెట్టినవా?"

"లే."

"గిట్ల బల్బు పెట్టి చూసుంటే?"

"తెలుస్తుండె. తప్పు నాదే చెల్లె. తిట్టు, కొట్టు, పోలీసోళ్లకు చెప్పుకో."

"పోలీసోళ్లకొద్దు. గీ మాట మా అత్తకు చెప్తవా అన్నా? ఎనిమిది నెలల సంది ఆమె నా చేతి కూడు తింటలేదు."