ఏడు నిమిషాల్ల రెడీ

ఒక్కళ్ళు సరిగ్గ చెప్తలేరక్కా. మధురానగర్ల ఏ గల్లీకి పోయినా లేడీస్ హాస్టలే. ఆరు గేట్లు తట్టిన. సీతాబాయి అంటే ఎవ్వరికి తెల్వదు. కొత్తగొచ్చిన వంటామె అంటే గీ వెనక రేకుల షెడ్డు చూపెట్టిన్రు.

లేదు, చాయ్ వద్దు. నువ్వు చిక్కుడుకాయ తెంపుకో, నేను గీ పీట మీద కూసుంట. ఆఫీసుకు జర లేటుగొస్త అని చెప్పే వచ్చిన.

పాప మంచిగున్నది. ఫిట్స్ మళ్ళ రాలె. నువ్వు పోయినంక వారం దాక డేకేర్ల కొత్త ఆయమ్మ చేతిల అన్నం తినలె సుమశ్రీ. ఇప్పుడు తింటున్నది. మూడేండ్ల పిల్ల, మరిచిపోతది గదా.

నువ్వేం అడుగుతలేవ్. అడిగితే నాకు జర బరువు దిగినట్టుండు. సరే, నేనే చెప్త.

నేను వీడియోలు చేస్తనని నీకు తెల్వదనుకుంట. అమీర్‌పేటల కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్ల ముందట కూసునే కొలువు నాది. వచ్చినోళ్ళతోని పొద్దంత నవ్వుకుంట మాట్లాడాలె. సుమ పుట్టినంక ఆరు నెలలకు మళ్ళ పోతే, మా సార్ ఏమన్నడు? మేడం, జర ఫ్రెష్‌గ కనిపియ్యాలె అన్నడు. రాత్రంత నిద్ర లేదు సారూ అంటే వింటడా? ఇగ నేర్చుకున్న.

ఐదు కుర్తాలు ఆదివారమే ఇస్త్రీ చేసి, దుపట్టాతోని సహా హ్యాంగర్లకు తగిలిచ్చుడు. తలస్నానానికి టైం లేకపోతే కుదుళ్ళల్ల పాప పౌడర్ చల్లి దువ్వుడు. లిప్‌స్టిక్ ఒక చుక్క బుగ్గలకు సుత రాసుడు. మెట్రోల కాటుక పెట్టుకుంటే స్టేషన్ల బండి ఆగినప్పుడే పెట్టుకునుడు.

మా ఆఫీసుల శ్రీలేఖ అని ఉంటది, ఆమెనే మొదాలు వీడియో తీసింది. ఉద్యోగం చేసే అమ్మలకు ఏడు నిమిషాల్ల రెడీ, అని పేరు పెట్టింది. మస్తు మంది చూసిన్రు. ఎక్కడెక్కడి ఆడోళ్ళో రాసేటోళ్ళు, అక్కా మిమ్మల్ని చూస్తే ధైర్యమొస్తది అని. ఇంట్ల నా మొఖం ఎవరు చూస్తరు చెప్పు? అండ్ల చూసేటోళ్ళు.

ఆ రోజు... మా ఆఫీసు మూడో అంతస్తుల బాత్రూం ఉన్నది. పదిన్నరకు కిటికీకెళ్ళి వెల్తురు మంచిగొస్తది, ఇరవై నిమిషాలే ఉంటది. కాటుక చెదిరితే ఎట్ల సరిజేయాలె, అదీ వీడియో. సగం అయింది, ఫోన్ మోగింది. రికార్డింగ్ ఆగిపోయింది. కట్ చేసిన. మళ్ళ మొదలుపెట్టిన. మళ్ళ నీ పేరే. మళ్ళ కట్ చేసిన.

పిల్ల అన్నం తింటలేదని చేస్తున్నవేమో అనుకున్న. కాదు, అట్ల సుత అనుకోలె. ఏమనుకోలె. మూడోసారి కట్ చేసి, ఎవ్వల ఫోన్ రాకుంట ఫ్లైట్ మోడ్ల పెట్టిన.

అవునక్కా. వచ్చినయి. మూడూ వచ్చినయి.

వీడియో అయినంక కిందికొచ్చి, ఫోన్ మళ్ళ ఆన్ చేసుడు సుత మరిచిపోయిన. చేసేసరికి పదకొండు దాటింది. అప్పుడు మీ డేకేర్ స్వరాజ్యం మేడం ఫోన్ వచ్చింది. నేను బేగంపేటలున్న, మీ పాపకు ఫిట్స్ వచ్చినయి, పంజాగుట్టల దవాఖాన్ల ఉన్నది, ఆయమ్మ ఎత్తుకపోయింది అన్నది.

ఆటోల పోయిన. వార్డు కాడ నర్సు నా మొఖం చూసి, మీరు పాపకేమైతరు అని అడిగింది. అమ్మనన్న. మళ్ళొకసారి చూసింది.

నువ్వు మంచం పక్కకు నిలబడ్డవ్. కాళ్ళకు చెప్పులు లేవు. పిల్ల కక్కిందంత నీ చీర మీదనే ఉండె. మా ఆయన విక్రమ్ నాకంటే ముందే వచ్చిండు. నీకు ఫోన్ రాలేదా అని అడిగిండు.

రాలేదన్న. అట్లనే నోట్లెకెళ్ళి వచ్చింది. ఇగ వెనకకు తీసుకోనీకి రాలె. నీ మీద అరిచిన. చెప్పకుంట నా పిల్లను బయటికెట్ల తెస్తవ్ అన్న. అరిచి, బాత్రూంలకు పోయి, నీ కాల్స్ తుడిపేసిన.

అప్పటికే డాక్టర్ చెప్పిండక్కా, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే కష్టమయ్యేది అని. తెలిసే అరిచిన.

తెల్లారి స్వరాజ్యం మేడం పిలిస్తే నువ్వు నీ బటన్ల ఫోన్ చూపెట్టినవ్, చేసినట్టు అండ్ల ఉన్నది. నేను నాది చూపెట్టిన, ఇండ్ల ఏం లేదు. ఆమె పెద్ద ఫోన్‌నే నమ్మింది. నువ్వు నా దిక్కు ఒక్కసారి చూసి, సంచి తీసుకొని పోయినవ్.

ఆ వీడియో తీసేయలె నేను. వారమైనంక పెట్టిన. మంచిగొచ్చింది మరి.

నిన్న పోయి స్వరాజ్యం మేడంకు అంత చెప్పిన. విని, అయిందేదో అయింది, కొత్తామె కుదురుకున్నది, ఇది మనిద్దరి మధ్యలనే ఉండనియ్యి అన్నది. సరే అని లేచొచ్చిన. నాకు ఏడుపొస్తదేమో అనుకున్న. రాలె. గీడికొచ్చినంక వస్తదేమో అనుకున్న. ఇగో, చూస్తున్నవ్ గదా, కాటుక సుత చెదరలె.

ఏమన్నవ్? విక్రమ్‌కా?

లేదు. ఆయనకింకా తెల్వదు. నీ పేరొస్తే ఇప్పటికి తిడుతడు. పిల్ల పాణం మీదికి తెచ్చింది అంటడు. నేను పక్కకే కూసొని అన్నం కలుపుత.

నువ్వు అడిగేది న్యాయమే. డేకేర్ వద్దు, కొలువు వద్దు, ఆయనకొక్కడికి చెప్పు చాలు అంటున్నవ్. అంతే గదా?

చెప్త. ఇయ్యాల ఇంటికి పోంగనే చెప్త.

గని నువ్వైతే నా మాట నమ్మకు అక్కా.