కర్టెన్ల దుకాణానికి మనిషి కావాలి

ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో ఒక గది. బల్లకి ఒకవైపు ఉద్యోగాలు చూపించే మేడమ్, మరోవైపు కర్టెన్లు కుట్టించే దుకాణం యజమాని.

"మళ్ళీ మీరేనా?"

"నేనే మేడమ్. ఇంకొక్క మనిషిని పంపండి. ఈసారి నిలబెట్టుకుంటాను."

"క్రితంసారీ ఇదే మాట అన్నారు బాబూ. ముగ్గురిని పంపాను, ముగ్గురూ పారిపోయి వచ్చారు. చివరాయన భోజనం డబ్బా మీ దగ్గరే వదిలేసి మరీ వచ్చాడు."

"డబ్బా తెచ్చానండీ. ఇదిగో. కడిగించాను కూడా."

"సంతోషం. డబ్బా వచ్చింది, ఆయన మాత్రం రాడు."

"అలా అనకండి. ఎల్లుండికి హోటల్ కర్టెన్లు ఇవ్వాలి మేడమ్. గుడ్డంతా కత్తిరించి పెట్టాను, కుట్టే చెయ్యి లేదు. ఇవ్వకపోతే ఆ హోటల్ చేజారుతుంది, అది చేజారితే నా దుకాణం..."

"కళ్ళనీళ్ళు పెట్టుకోకండి. ఈ గదిలో ఆ హక్కు పనివాళ్ళది."

"జీతం టైముకే ఇస్తాను. అరవను. ఫ్యాను కూడా కొత్తది. ఎందుకు వెళ్ళిపోతున్నారో నాకైతే..."

"నాకు తెలుసు. అడిగి కనుక్కున్నాను. జీతం ఎగ్గొడితే పక్క గదిలో చూసుకుంటారు. మిషనులో పడి చెయ్యి నలిగితే పై అంతస్తులో చూసుకుంటారు. మీ సంగతి ఏ గదికి పంపాలో మాలో ఎవరికీ అర్థం కాలేదు."

"నేనేం చేశానండీ!"

"చెప్తే నమ్మరు. చేసి చూద్దాం. ఉద్యోగం కోసం వచ్చేవాళ్ళ చేత ఇక్కడ రోజూ రిహార్సల్ చేయిస్తాం. యజమాని చేత చేయించడం ఇదే మొదలు. నేను కొత్తగా చేరిన కుట్టుమనిషిని. నమస్తే సార్."

"నమస్తే మేడమ్."

"మేడమ్ కాదు, కుట్టుమనిషి."

"ఆఁ, నమస్తే అమ్మా. మిషను అదిగో. ముందు ఈ అంచు మడిచి కుట్టండి."

"బాగుంది. నేను కుడుతున్నాను. టకటకటకటక. మీరేం చేస్తున్నారు?"

"పక్కన కూర్చుని చూస్తున్నా."

"ఊరికేనా?"

"ఊరికే... అంటే... ఈ నీలం గుడ్డ చూస్తే, మా ఆవిడకీ నీలమంటే ఇష్టమని గుర్తొచ్చి..."

"ఆపండి."

"ఒక్క మాటేగా!"

"నేను మిషను ముందు కూర్చుని నిమిషం కాలేదు! సరే, మళ్ళీ. సార్, దారం ఎక్కడుంది?"

"పై అరలో ఉందమ్మా. మా ఆవిడైతే అంత ఎత్తు అందుకోలేదు. మునివేళ్ళ మీద నిలబడి, నాలిక కొంచెం బయటపెట్టి, అలా అలా..."

"బాబూ!"

"అయిపోయింది మేడమ్. దారం తీసుకోండి."

"సార్, కత్తెర మొద్దుబారింది."

"సాన పట్టిస్తాను."

"భేష్! అదీ. అంతే. ఇంకేం వద్దు."

"నిన్న మా ఆవిడ కత్తి కూడా ఇలాగే మొద్దుబారింది. తెగట్లేదని టమాటాని తిడుతోంది మేడమ్! నిజంగా, మనిషిని తిట్టినట్టు! నేను తలుపు వెనక నిలబడి ఎంత నవ్వుకున్నానో..."

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"మూడో నెల నడుస్తోందండీ. ఎలా కనుక్కున్నారు?"

"గొప్ప పరిశోధన చేశాను. మొదటాయన వచ్చి ఏమన్నాడో తెలుసా? 'ఆయన భార్యకి పుట్టుమచ్చ ఏ చెవి మీదుందో నాకు తెలుసు మేడమ్, మా ఆవిడకి అసలు ఉందో లేదో తెలీదు. ఇంట్లో ఒకటే గొడవ' అన్నాడు."

"ఎడమ చెవి."

"నేనడగలేదు! రెండో అమ్మాయికి ఇంకా పెళ్ళి కుదరలేదు, మీ కబుర్లు విని రోజూ ఏడుపట. మూడో ఆయన వింటూ వింటూ పరధ్యానంలో కర్టెన్లు తిరగేసి కుట్టేశాడు."

"పువ్వులన్నీ తలకిందులైపోయాయి, నిజమే."

"అవన్నీ ఇంట్లో ఆవిడకే చెప్పుకోవచ్చు కదా బాబూ?"

"ఆవిడకా? అమ్మో! ఆవిడ ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదండీ."

"టమాటా తిట్లు విన్నాక ఆవిడతో ఏమన్నారు?"

"'ఉప్పుందా?' అన్నాను."

"ఖర్మ. సరే, వినండి. బయట ఒకమ్మాయి కూర్చుని ఉంది, ఇవాళే వచ్చింది. పెద్ద కంపెనీలో కర్టెన్లే కుట్టిందట. ఇంట్లో తోచట్లేదు, పని కావాలంటోంది. మీ దగ్గరికి పంపాలంటే మూడు షరతులు. జీతం నెల మొదట్లోనే."

"ఒప్పుకున్నా."

"మధ్యాహ్నం గంటసేపు విశ్రాంతి."

"రెండు గంటలైనా సరే!"

"పని చేస్తున్నంతసేపూ 'మా ఆవిడ' అన్న మాట మీ నోట రాకూడదు."

"...పొద్దుటినుంచి సాయంత్రం దాకానా?"

"హోటల్ కర్టెన్లు కావాలా, వద్దా?"

"కావాలి, కావాలి. ఒట్టు. రాదు."

"లోపలికి రా అమ్మా. వీరే యజమాని."

"నమస్కారమండీ."

"మేడమ్! ఈవిడ... మా ఆవిడ..."

"చూశారా! ఆ పిల్ల కుర్చీలో కూర్చోనైనా లేదు, అప్పుడే మొదలుపెట్టారు!"

"కాదు మేడమ్, ఈవిడే మా ఆవిడ!"

"ఏమిటీ!... అవునా అమ్మా?"

"అవును మేడమ్. మా ఆయనే."

"నీకు... నీకు కుట్టు వచ్చా?"

"బట్టల కంపెనీలో పనిచేసేదాన్నని చెప్పాను కదండీ. ఏం పని అని మీరు అడగలేదు."

"లెక్కలు రాసేదానివేమో అనుకున్నా!"

"ఈయన దుకాణానికని తెలిసే వచ్చావా అమ్మా?"

"బయట బెంచీ మీద తెలిసింది మేడమ్. అక్కడ ముగ్గురు కూర్చున్నారు. 'ఆ కర్టెన్ల దుకాణానికి మాత్రం వెళ్ళకు తల్లీ, ఆయన రోజంతా పెళ్ళాం కబుర్లే' అన్నారు. ఏ దుకాణమని అడిగితే ఈయనదే చెప్పారు. 'మీరు పొరబడ్డారు, మా ఆయన నోట్లోంచి మాటే రాదు' అని వాళ్ళతో పోట్లాడాను కూడా."

"పోట్లాడావా? నా తరఫునా?"

"మీరిద్దరూ తర్వాత మురిసిపోదురుగాని, ముందు పని సంగతి. తలుపు తీసే ఉంది, షరతులు బయటికి వినపడే ఉంటాయి. ఏమంటావమ్మా?"

"జీతం, విశ్రాంతి అలాగే ఉంచండి మేడమ్. ఇంట్లో మనిషేగా అని తగ్గిస్తే ఊరుకోను."

"ఒక్క రూపాయి తగ్గించను! మూడోది కూడా పాటిస్తా. నీ గురించి ఒక్క మాట మాట్లాడితే..."

"మూడోది కొట్టేయండి మేడమ్. ఆ ముగ్గురికీ చెప్పినవన్నీ మొదటినుంచి నాకు చెప్పాలి. ఒక్కటి దాచినా సరే, నేనూ పారిపోయి మీ దగ్గరికి వచ్చేస్తాను."