బోర్డు మీద ఖాళీ మేకు

సభకు పెద్దగా కూర్చున్న రాయల్పాడు శ్రీనివాసప్ప గారికి, శాలువా పక్కనే కూర్చుని అది తనది కానట్టు అటు చూస్తున్న మా డెన్నిస్ అన్నకు, ముందు వరుసలో ఉన్న ఆయన భార్య జూలియా వదినకు, ఈ సాయంత్రం ఏర్పాట్లన్నీ చేసిన మన గాలాల సంఘం కార్యదర్శి అమృతరాజు గారికి, కోరమండల్ లైన్ల నుంచి పనులు మానుకుని వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారాలు.

నన్ను ఎరగనివాళ్ళు ఎవరైనా ఉంటే, నా పేరు ఫిలోమినా. ఇక్కడి బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అదిగో, కిటికీ పక్కన మెడకు మఫ్లరు చుట్టుకుని, నేనేం మాట్లాడతానో అని భయపడుతూ కూర్చున్న గాడ్విన్ భార్యను. (నవ్వులు) ఆయన భయం ఉత్త భయం కాదు. ఇందాక గుమ్మం దగ్గర అమృతరాజు గారు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. "అక్కా, చేపల గురించి చెప్పు, అన్న చేసిన సేవ గురించి చెప్పు. ఆ పొద్దు సంగతి మాత్రం ఎత్తొద్దక్కా, సభ బాగుండదు." నేను తలూపాను. తల ఊపినంత మాత్రాన సరేనన్నానని ఆయన అనుకున్నారు. పాపం, నా దగ్గర చదువుకోలేదు కదా ఆయన. (నవ్వులు)

సరే, ముందు చేపల గురించే చెబుతాను. బంగారు మైన్స్ మూసినాక మన కూలి లైన్లలో మగవాళ్ళు ఎలా ఉండేవాళ్ళో ఆడవాళ్ళను అడగండి. మైన్ కూత ఆగిపోయింది, షిఫ్టు లేదు, అయినా తెల్లారకముందే లేచి గుమ్మంలో కూర్చునేవాళ్ళు. మా ఆయన కూడా అంతే, టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. అలాంటి రోజుల్లో ఒకనాడు డెన్నిస్ అన్న మా వాకిట్లోకి వచ్చి, "గాడ్విన్, ఇన్నేండ్లూ నేల కింద చీకట్లో ఉండినాము కదప్పా, ఇంగ కొన్నాళ్ళు ఆకాశం కింద గమ్మున కూర్చుందాం రా" అన్నాడు. అలా మొదలైంది మన సంఘం. మొదట బేతమంగళం చెరువు. తర్వాత, సముద్రం చూడకుండా చచ్చిపోతామా అని ఒక పెద్దాయన అంటే, వ్యాను కట్టించుకుని పులికాట్ సరస్సు. అక్కడ ఉప్పునీటి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, పోటుతో పాటు లోపలికి వచ్చే కాలా చేపకు గాలం వేయడం. మన దేశపు సాల్మన్ అదే అని డెన్నిస్ అన్న గొప్పగా చెబుతాడు. పడిందంటే మనిషిని పడవలోంచి లాగేస్తుందా అన్నంత బలం దానికి. అమ్మడానికి కాదు, ఊరికే ఆ లాగుడు చేతికి తగలడానికి అంత దూరం పోయేవాళ్ళం. వాళ్ళతో పాటు ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా ఆయన్ని ఒక్కడినే పంపితే మఫ్లరు మరిచిపోతాడని.

శ్రీనివాసప్ప గారూ, మీరు మామిడి తోటల మనిషి. మా పద్ధతి ఒకటి మీకు తెలియాలి, ఎందుకంటే కాసేపట్లో మీ చేతుల మీదుగానే అది చేతులు మారబోతోంది. ఆ బల్ల మీద పట్టుగుడ్డ కప్పి ఉంచారే, అది ఒక చెక్క బోర్డు. మైన్‌లో దిగే ముందు ప్రతి మనిషీ తన నంబరు ఇత్తడి బిళ్ళ మేకు మీద నుంచి తీసుకుని జేబులో వేసుకునేవాడు, పైకి వచ్చాక మళ్ళీ అదే మేకుకు తగిలించేవాడు. ఒక మేకు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కింద ఉన్నాడని. బోర్డు నిండేదాకా కాపలా ఉన్నవాడు కుర్చీలోంచి లేవడానికి లేదు, ఇంకొకడికి పని అప్పగించడానికి లేదు. డెన్నిస్ అన్న మా ప్రయాణాలకు అదే పద్ధతి పెట్టాడు. పడవ ఎక్కేముందు బిళ్ళ తియ్యాలి, తిరిగొచ్చి తగిలించాలి, బోర్డు నిండితేనే వ్యాను కదలాలి. నాకు మైన్ బిళ్ళ లేదు కదా, నాకోసం పాత ఇత్తడి పళ్ళెం కత్తిరించి ఒకటి చేసి ఇచ్చాడు.

ఇప్పుడు, అమృతరాజు గారూ, మీరు గడియారం చూసుకోండి పరవాలేదు, నేను ఆ పొద్దు సంగతికి వస్తున్నాను. (సభలో కలకలం)

కూర్చోండప్పా, కూర్చోండి. ఆహ్వానంలో ఏమని వేశారు? "వయసు రీత్యా డెన్నిస్ గారు విశ్రాంతి తీసుకుంటున్నారు" అని. బజారులో ఏమంటున్నారు? డెన్నిస్‌కు పడవ అదుపు తప్పింది, మనిషిని నీళ్ళలో వదిలేసి పడవ తిప్పుకుని వచ్చేశాడు, అది చూసిన గాడ్విన్ భార్యే ఆయన్ని నానా మాటలూ అన్నది అని. ఈ రాత్రితో ఆయన్ని దించేసి, సముద్రం వైపు ప్రయాణాలు ఆపేసి, బోర్డును జ్ఞాపకంగా గోడకు కొట్టేద్దామని సంఘంలో తీర్మానం. దానికి సాక్ష్యం నా నోరు. నిజమే, అన్నాను. నా మొగుడు నీళ్ళలో ఉంటే ఇంకేమంటాను? రేపు మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ అంటాను. కానీ నా తిట్లు తీసుకుపోయి ఇంకొకరి మెడకు తాడు పేనుతుంటే చూస్తూ ఊరుకోను.

ఆ పొద్దున మొగకు కాస్త ఇవతల పడవ ఆపాం. పోటు అయిపోయి నీళ్ళు సముద్రం వైపు లాగడం మొదలైంది. గాడ్విన్ గాలానికి కాలా పడింది. దాన్ని పైకి తియ్యడానికి ఆయన అంచు మీదికి వంగాడు. అప్పుడు మొగ దగ్గర ఇసుక మేట మీద ఒక పెద్ద అల విరిగింది. ధడ్‌మని శబ్దం, పడవ చెక్కల్లోంచి కాళ్ళకు తగిలింది. ఎక్కడో విన్న శబ్దం అనిపించింది నాకు. మన లైన్లలో పుట్టిన ఏ పిల్లైనా గుర్తుపడుతుంది, నేల కింద రాయి పగిలితే ఇంట్లో గిన్నెలు కదిలే శబ్దం అది. మీరు ఏర్ బ్లాస్ట్ అనేవాళ్ళు.

అంతే. పడవలో ఉన్న మన మగవాళ్ళు, ఒక్కరు కాదు, డెన్నిస్ అన్న తప్ప అందరూ, తల వంచి ఒకే వైపుకు పోయి అంచుకు అతుక్కున్నారు.



ఎవరూ ఆలోచించి చెయ్యలేదు. బ్లాస్ట్ వస్తే మాట్లాడకుండా గోడకు అతుక్కోవాలని మీ ఒళ్ళు నేర్చుకుంది, అలా అతుక్కోబట్టే ఇవాళ మీరీ హాల్లో ఉన్నారు. కానీ పడవకు గోడ ఎక్కడిది? మొత్తం బరువు గాడ్విన్ ఉన్న వైపే పడింది. పడవ ఒరిగింది, ఆయన చేపతో సహా నీళ్ళలో పడ్డాడు, ఇంకో వైపు నుంచి నేను జారి మోకాళ్ళ మీద పడ్డాను. నేను ఎప్పుడూ నేల కిందికి దిగినదాన్ని కాదు, అందుకే నేను తల వంచలేదు, అందుకే చూశాను. పడవ నడిపేది డెన్నిస్ అన్న కాదు, ఆ ఊరి పడవతను. ఎవరికీ అదుపు తప్పలేదు.

గాడ్విన్ కొట్టుకుపోయి, నీళ్ళలో పాతిన వలలు కట్టే కొయ్య ఒకటి పట్టుకున్నాడు. డెన్నిస్ అన్న ఒక్కడే పడవలో నిలబడి ఉన్నాడు. ఆయన పని ఎప్పుడూ మైన్‌లో మనుషుల్ని దించి ఎక్కించే కేజ్ దగ్గర గంట కొట్టడం కదా, బ్లాస్ట్ వస్తే అందరూ గోడకు పోయినా ఆయన నిలబడి మనుషుల్ని చూసుకోవాలి. మమ్మల్ని చూశాడు, గాడ్విన్‌ను చూశాడు, పడవతని భుజం తట్టి ఇసుక దిబ్బ వైపు చెయ్యి చూపించాడు. "గాడ్విన్! కొయ్య వదలొద్దప్పా! వస్తా ఉండా!" అని అరిచి, పడవ తిప్పించాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. "వదిలేసి పోతావా? నీకు మనసుండాదా? నీ తమ్ముడైతే పోతావా?" ఇంకా చాలా అన్నాను, సభలో చెప్పేవి కావు. ఆయన నావైపు తిరగలేదు. అందరినీ దిబ్బ మీద దింపి, పడవతనితో తానొక్కడే వెనక్కు పోయాడు.

ఇప్పుడు వినండి. మేము దిబ్బ మీద నిలబడి చూస్తున్నాం. పడవ ఆ కొయ్యను చేరింది. డెన్నిస్ అన్న అంచు మీద పడుకుని గాడ్విన్ చంకల కింద చేతులు వేశాడు. అదే సమయంలో మేట మీద ఇంకో అల విరిగింది, మొదటిదానికన్నా గట్టిగా. నేను ఇటు తిరిగి చూస్తే, ఈ మనుషులందరూ ఇసుకలో గొంతుక్కూర్చుని ఉన్నారు. పక్కకు చేతులు చాపి తడుముతున్నారు. ఆ దిబ్బ మీద ఇసుక తప్ప ఏమీ లేదు. అక్కడ లేని గోడ కోసం తడుముతున్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. మేమంతా ఆ పడవలోనే ఉండి ఉంటే, గాడ్విన్‌ను లాగుతున్న వైపే మళ్ళీ మీరంతా పడి ఉండేవాళ్ళు. ఈయన్ని పడవ కిందికి తొక్కేసేవాళ్ళం. మొదటి అలకే డెన్నిస్ అన్నకు తెలిసిపోయింది. నాకు రెండో అల దాకా తెలియలేదు.

దిబ్బ మీదికి తెచ్చాక, గాడ్విన్ ఇంకా ఉప్పునీళ్ళు కక్కుతుంటే, ఈ పెద్దమనిషి మొదట చేసిన పని ఏమిటో తెలుసా? ఆయన జేబు తడిమాడు. "బిళ్ళ ఉండాదా?" అన్నాడు. మనిషి చావబోతే ఇత్తడి ముక్క అడుగుతాడా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బిళ్ళ చేతికి తగిలాక కానీ మనిషి పైకి వచ్చాడని ఆయన నమ్మలేడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడే ఆ ఇసుకలో కూలబడి ఏడ్చాడు. మీరెవరూ చూడలేదు, మీరు గాడ్విన్ చుట్టూ ఉన్నారు.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నా అని మొన్న వాళ్ళింటికి పోయి అడిగాను. జూలియా వదిన సాక్షి. "చెప్తే ఏమంటారమ్మా? మనోళ్ళు పడవలో భయపడి ఒక పక్కకు పడినారంటారు. అది భయం కాదు. భయం కాదని చెప్పేదానికి నాకు మాట రాదు. నన్ను అననీలే. నువ్వూ చెప్పొద్దమ్మా" అన్నాడు. నేను మాట ఇవ్వలేదు. తల కూడా ఊపలేదు. (కొందరు నవ్వారు) అన్నా, నాకు కోపంగా ఉండాది నీమీద. మా ఆయన్ని తెచ్చిచ్చి, నింద నువ్వు మోస్తావా? మమ్మల్ని ఏమనుకున్నావు?

ఏమప్పా పురుషోత్తమ్, నువ్వే కదా ఆ పడవలో ఉండి, అన్న పడవ తిప్పుకుని వచ్చేసినాడని అందరికన్నా ముందు చెప్పింది. ఎందుకు లేచినావు? పోతావా? పోయేముందు ఏమన్నా చెప్పేదుంటే చెప్పు.

(పురుషోత్తమ్ నిలబడే చెప్పాడు: "చేతులు తడిమినాయక్కా. యాడుండానో నాకు తెలీలేదు. కింద ఉండాననే అనుకున్నా.")

కూర్చోప్పా. అది తప్పు కాదు. అది నువ్వు బతికిన పద్ధతి. కూర్చో.

శ్రీనివాసప్ప గారూ, శాలువా ఎక్కడికీ పోదు. ముందు ఆ పట్టుగుడ్డ ఒకసారి తియ్యండి. చూడండి, బిళ్ళలన్నీ ఉన్నాయి, ఆ పొద్దు జేబులోంచి అన్న తీసిన గాడ్విన్‌ది కూడా ఉంది. కింది వరుస చివర ఒక మేకు ఖాళీగా ఉంది. అది నాది. ఆ పొద్దున నేను ఈయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను, వ్యాను దగ్గరికి రానే లేదు; ఆ కంగారులో బోర్డు నిండకుండానే వ్యాను కదిలింది. ఎన్ని నెలలుగానో బోర్డు నిండలేదు, ఎవరూ చూసుకోలేదు. ఒక్కరు తప్ప.

(డెన్నిస్ మొదటిసారి తలెత్తాడు. చెయ్యి చాపాడు: "బిళ్ళ యాడమ్మా?")

ఇదిగో, నా చేతిలోనే ఉండాదన్నా. ఇయ్యను. ఇక్కడ పెడితే ఈ బోర్డు నిండుతుంది, నువ్వు నిమ్మళంగా అమృతరాజన్న చేతిలో పెట్టి ఇంటికి పోతావు. వచ్చే పోటుకు పులికాట్ పోదాం. అందరం తేలే జాకెట్లు వేసుకుందాం. పడవకు రెండు అంచులకూ తాడు కడదాం, చెరి సగం అటూ ఇటూ కూర్చుందాం. శబ్దం వచ్చిందా, ఎవరి పక్క గోడకు వాళ్ళు అతుక్కోండి, పడవ నిలబడుతుంది. తల వంచినందుకు ఎవరూ సిగ్గుపడొద్దు. తిరిగొచ్చాక ఆ ఇసుక మీద, నువ్వు కూలబడి ఏడ్చిన చోట, మా ఆయన నా పక్కన ఉండగా తగిలిస్తాను ఇది. వస్తావా గాడ్విన్?

(గాడ్విన్ మఫ్లరు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.)

అది చాలు నాకు. పిలిచినందుకు కార్యదర్శి గారికి, ఆపనందుకు అధ్యక్షుల వారికి, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. శాలువా కప్పాలంటే కప్పండి, చలికాలం, పనికొస్తుంది. బోర్డును మాత్రం ఆయన ఒళ్ళో పెట్టండి. ఒక మనిషి ఇంకా పైకి రాలేదు, ఆయన కుర్చీలోంచి లేవడానికి లేదు. నాకు సెలవు.