తాయమ్మను ఒక మాట అడగల్ల గదా

తాయమ్మవ్వ ఎట్ల పోయిందని అడుగుతాండావా, సుజాతా? ఇట్ల నీ అవ్వ పక్కన కూసో. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, మాట ఇనపడదు. సెప్తా. సెప్పే కొద్దీ నాకు ఒళ్ళు మండుతాది, అదీ సంగతి.

తాయమ్మ నా సెల్లెలు, నా వెనకాలే పుట్టింది. నన్ను ఈ ఎమ్మిగనూరులోనే మగ్గాలోళ్ళ ఇంటికిచ్చినారు, దాన్ని హొళగుందకిచ్చినారు. ఆ పక్కంతా కన్నడం గదా, పోను పోను దాని మాట సగం కన్నడమే అయిపోయింది. ఇంటికొస్తే మా అమ్మ నవ్వేది, ఏమే, నీ తెలుగు యాడ పారేసుకొచ్చినావని. శానా సిగ్గు మనిషి. వాళ్ళ బావ ఎదురుగా కొంగు జారనిచ్చేది కాదు. బావంటే మొగుడు కాదే, మొగుడి అన్న. ఆయప్ప కత వేరే ఉండాది, ఇప్పుడొద్దులే.

కరోనా రాకముందు సంగతి. ఒక దినం వచ్చి, వంటింట్లో నా సెయ్యి పట్టుకోని రొమ్ము మీద పెట్టుకునింది. "అక్కా, ఈడ ఏందో గట్టిగా ఉండాది సూడు" అన్నాది. రేగ్గాయంత ఉండె. మొగునికి గుడక సెప్పలా. నేను బయపడి ఆదోనికి పిల్సుకపోయినా. ఆడ డాక్టరమ్మ సూసి, పెద్దాసుపత్రిలో సూపియ్యల్ల, ఆలస్యం సేయొద్దు అన్నాది. మంచి మనిషి. సరేనని బస్సెక్కినాము.

ఏ ఆసుపత్రి అంటే పేరు సెప్పను. డాక్టరు సదువు సెప్పే పెద్ద ఆసుపత్రి అనుకో.

పొద్దున పెద్ద డాక్టరు వచ్చినాడు. ఆయప్ప వెనక సదువుకునే పిల్లోళ్ళు, మొగోళ్ళు ఆడోళ్ళు, గుంపు. వచ్చినోడు నీ పేరేమి అనలా. ఎట్లుండావమ్మా అనలా. దాని రైక పైకెత్తినాడు. ఇంగిలీషులో ఏందో సెప్పినాడు. ఇంక సూడు, ఒకని తర్వాత ఒకడు వచ్చి వత్తేది! పక్క మంచాలోళ్ళు, వాళ్ళ మొగోళ్ళు, అందరూ సూస్తాండారు. అడ్డం ఒక గుడ్డ ల్యాదు. తాయమ్మ "బ్యాడప్పా, బ్యాడ" అంటాంది. వద్దని. కన్నడం వాళ్ళకు తెల్దనే అనుకో, కండ్లల్లో నీళ్ళు కనపడతాయి గదా? ఏమంటావు?

నేను పోయి కొంగు కప్పినా. "ఏమప్పా, మనిషనుకున్నారా, సంతలో ఎద్దు అనుకున్నారా? అడిగి ముట్టల్లని తెల్దా?" అంటి. ఆయప్ప నా ముఖం గుడక సూల్లేదు. "ఇది సదువు సెప్పే ఆసుపత్రి. ఇష్టం లేకపోతే ప్రైవేటుకు పోండి" అనేసి పక్క మంచానికి పోయినాడు. ప్రైవేటుకు పోయేటట్లుంటే నీ కాడికెందుకొస్తాము?

ఆ సాయంత్రమే తాయమ్మ గుడ్డలు మూట కట్టుకునింది. "సచ్చినా పర్వాల్యా, మళ్ళీ ఈడికి రానక్కా." ఎంత బతిమాలినా ఇన్లా. హొళగుందకు పోయి పత్తి ఏరే కూలికి పోయింది. పత్తి అయిపోయె, శెనగ కోత గుడక అయిపోయె, నెలలు గడిసిపోయె. నేను పోయి సూసేతలికి రైకకు నెత్తురంటుకోని ఉండాది. దాని మొగుణ్ణి పిల్సి సెప్తే ఆయప్ప గోడకానుకోని ఏడ్సినాడు, నాకు సెప్పలేదే, నాకు సెప్పలేదే అని.

మళ్ళీ అదే ఆసుపత్రి. ఇంక యాడికి పోతాము? ఈసారి నేను ముందే సెప్పినా, తెర అడ్డం పెట్టకుంటే ఒక్కర్ని రానియ్యనని. ఒక లేడీ డాక్టరు వచ్చి తెర తెప్పిచ్చింది, ఆపరేషన్ సేసింది. సేసినాక ఏమనింది? "ఇంత ఆలస్యం ఎందుకు సేసినారు? మీకు తెలివి ల్యాదా?" అంట! రేగ్గాయంత ఉన్నప్పుడే వచ్చినోళ్ళను తరిమింది ఎవరు? ఆ మాటే అడిగినా.

తర్వాత ఆయమ్మే వచ్చి మంచం కాడ కూసోని, తీసిన గడ్డలో కొంచెం పరిశోధనకు దాచుకుంటాము, ఈ రోగం ఎందుకొస్తాదో సూడల్ల, నీకిష్టమేనా అనింది. ఈసారి అడిగింది, అబద్దం సెప్పకూడదు. తాయమ్మ "తీసుకో తల్లీ. నా కూతుర్లకు రాకుంటే సాలు. ఏం తేలిందో నాకూ సెప్పల్ల" అన్నాది. సెప్తామన్నారు.

కొన్నేండ్లు బాగుండింది. సూపిచ్చుకోను పోయినప్పుడల్లా అడిగేది, నా గడ్డ సంగతి ఏమైనాదమ్మా అని. ఆ మేడం బదిలీ అయిపోయిందని ఒకరు, మాకేం తెల్దని ఒకరు. ఒకడైతే నవ్వినాడు. ఏం నవ్వులాట అది? అంతలోనే రోగం మళ్ళీ ఎముకల్లోకి పాకింది. ఇంక లేసేది ల్యాదని తెలిసినాక గుడక నన్నడిగింది, "ఏమన్నా సెప్పినారా అక్కా?" అని. ల్యాదని నేనెట్ల సెప్పల్ల? సెప్తారులే అంటి. పోయింది. ఇప్పటిదాకా ఒక్కరు రాలా. దాని కూతుర్లిద్దరుండారు, వాళ్ళకన్నా ఒక మాట సెప్పొద్దా? అది ఇచ్చింది ఒంట్లో ముక్క గదే!

మొన్న మన వీధిలోకి అట్లాంటి సదువు ఆసుపత్రోళ్ళే ఆడోళ్ళకు పరీక్షలు సేసేకి వచ్చిరి, నువ్వు కాలేజీకి పోయింటివి. శామియానా, మైకు, అన్నీ. ఒక పిల్లోడు, డాక్టరంట, రొమ్ములో గడ్డ ఉంటే దాచుకోవద్దమ్మా, మీ సిగ్గే మిమ్మల్ని సంపుతాది అంటాండాడు. నాకు ఆగలా. లేసినా. "సిగ్గు మాదా అప్పా? నలుగురి ముందర రైక ఎత్తినోనిది కాదా?" అని తాయమ్మ కతంతా సెప్పినా. కూసో అవ్వా, తర్వాత మాట్లాడదాము అంటాండారు. కూసుంటానా? నా వెనక నుంచి షేకుంబీ లేసింది, "కాన్పప్పుడు నాకూ అట్లనే సేసినారు" అని. చర్చి వీధి మరియమ్మ లేసింది. ఇంకొకామె. ఇంతమంది ఇన్నేండ్లు కడుపులో పెట్టుకోని ఉండారే! ఆ పిల్లోడు మైకు కింద పెట్టినాడు. "మాకు అట్లనే నేర్పినారవ్వా, అడగమని ఎవరూ సెప్పలా" అన్నాడు. "ఇప్పుడు నేను సెప్పినా గదా" అంటి.

పరీక్ష యాడ సేస్తారంటే శామియానా కిందనే బల్ల సూపిచ్చినారు, అందరి ముందర! మన పక్కింటి సరోజ ఇంట్లోకి పోయి మగ్గం మీద నుంచి అప్పుడే కోసిన సీరలు తెచ్చింది. సుట్టూ కట్టినాము. లోపల ఒక డాక్టరు పిల్ల కూసునింది. ముందు నేనే పోయినా. ఆ పిల్ల సెయ్యి ముందుకు తెచ్చి, ఆపి, "ముట్టుకోనా అవ్వా?" అన్నాది.

ఏడుపొచ్చింది నాకు. ఈ మాట అనేకి ఎంతసేపు పడతాది, సుజాతా? ఆ దినం ఈ మాట ఒక్కటి అడిగింటే నా సెల్లెలు...

సర్లే. నువ్వు సల్లగుండు తల్లీ. నీ మీద ఎవరు సెయ్యేసినా నిన్నడిగి ఎయ్యల్ల. అడక్కపోతే నోరిప్పి అరువు, ఎవరేమనుకున్నా పర్వాల్యా. తాయమ్మ కూతుర్లకు గుడక అదే సెప్పినా. పెద్దది ఇంటాది. సిన్నదే, అచ్చం వాళ్ళమ్మ. సూపిచ్చుకునేకి రావే అంటే నేల సూపులు సూస్తాది. ఈ ఆదివారం నేనే పోయి దాన్ని పిల్సుకొస్తా, అడిగి ముట్టే ఆ డాక్టరు పిల్లకే సూపిస్తా.