బాలు లేపినోడి ఇంట వంతు కూడు

“మామ్మా, బళ్ళో వాలీబాలు టీములో నన్ను బాలు లేపడానికి ఎట్టినారు. లోకనాదం తాత నాకు నేర్పుతానన్నాడు. నాన్నకి సెప్తే కూడు కాడినించి నెగిసిపోనాడేటి?”

నెగిసిపోడా మరి! కూకో. ఆ సేట ఇలాగియ్యి. సింతపండు గింజలు తీత్తా సెప్తాను, ఊరికే కూకుంటే నాకు మాట రాదు.

మీ నాన్న బాలాడేవోడని నీకు తెల్దు. ఎవులు సెప్తారు? ఈ ఊర్లో నోరున్నోలందరికీ ఆ మాట కాడికొచ్చేసరికి నోరు పడిపోద్ది. ఆడినాడే, సానా బాగా ఆడినాడు. అప్పటికి నువ్వు పుట్టనేదు. కాదు కాదు, మీ అమ్మే ఇంకా మనింటికి రానేదు. పూండి టేసనెదర ఫోను బూతు కొత్తగా ఎట్టిన రోజులు. అప్పుడు ఉద్దానంలో ఏ ఊరు సూడు, కొబ్బరి తోటలో ఇసక సదును సేసీసి, అక్కుపల్లి రేవు నించి పాత సేపల వల ఒకటి తెచ్చి కట్టీసి, పొద్దు వాలితే సాలు, దబాదబా బాలే. జీడిపిక్కలు ఏరడానికి మగపిల్లోడు ఒక్కడు దొరికీవోడు కాదు, నిజిం.

మా తమ్ముడు లోకనాదం, అదే మీ తాత, ఆడే టీముకి పెద్ద. ఒయిసులో ఆడూ బాలు లేపినోడే. మీ నాన్నకి పసితనంలోనే నేర్పినాడు. పొద్దున్నే మన కళ్ళం గోడకేసి కొట్టించీవోడు. ఏలు వాసిపోతే పసుపు పట్టేసి మల్లీ కొట్టించీవోడు. మీ సొంత తాత అప్పటికే పోనాడు కదా, “మావా, మావా” అని మీ నాన్న ఆడెనకాలే తిరిగీవోడు. ఆడికి తండ్రీ మావే, దేముడూ మావే.

లేపడమంటే ఏటో ఎరుగుదువా? ఎరిగే ఉంటావులే, నిన్నెట్టినారు కదా. ఒకడు వల కాడ బాలు పైకి లేపి అందిత్తే ఇంకోడు కొడతాడు, టీముకి లేపీవోడు ఒక్కడే. కొట్టినోడికి ఈలలు, సప్పట్లు. లేపినోణ్ణి ఎవులు సూత్తారు? కూర బాగుంటే ఒండినదాన్ని ఎవులైనా తలుసుకుంటారేటి, అలాగే ఇదీను. మనూర్లో కొట్టీవోడు ఎంకటేసు, ఇప్పుడు కోటబొమ్మాళి సంతలో బెల్లం అమ్ముతాడే, ఆడే. ఆ ఎంకటేసుకి బాలు ఎంతెత్తున ఉండాలో, వలకి ఎంత ఎడంగా ఉండాలో మీ నాన్నకి తెలుసు. ఇద్దరూ మాటాడుకునీవోరు కూడా కాదు.

గాని ఏటేటా టెక్కలి పోటీల్లో ఆఖరాట దాకా ఎల్లడం, పూండోల సేతిలో ఓడిపోయి రావడం. మా తమ్ముడికి అది గుండెల్లో ముల్లైపోనాది. సరిగ్గా అప్పుడే ఒక రోగం ఒచ్చింది ఈ పక్కకి. పైనించి ఆటగాళ్ళని తెచ్చుకోడం. గెస్టు ప్లేయర్లంట. ఇశాపట్నం నించి ఒకడు, మిలట్రీ నించి సెలవుకొచ్చినోడు ఒకడు. నిన్న ఆ ఊరి బనీను, ఇయాల ఈ ఊరి బనీను. ఎవులు బాగా సూసుకుంటే ఆలే సుట్టాలు. ఆలు ఉన్నన్నాళ్ళూ ఊరే మేపాల, ఇంటికో వంతు.

ఒకనాడు మా తమ్ముడొచ్చి, “అప్పా, మనకీ ఒక గెస్టు ఒత్తన్నాడు. మొదటి వంతు నీదే. నీ సేతి పులుసు తినాల ఆడు” అన్నాడు. మా మరదలు అప్పుడు ఊర్లో నేదులే, ఆల సెల్లెలి పురిటికెల్లింది. నాను మురిసిపోనాను. సూడు నా బుద్ది! ఊరందర్లోనూ నన్నే ఎంచుకున్నాడని మురిసిపోనాను. అక్కుపల్లి ఎల్లి కోనాం సేప ఏరి మరీ తెచ్చినాను.

ఆడొచ్చినాడు. ఇచ్చాపురం అవతలోడు, టుకునా అంట పేరు. సగం ఒడియా, సగం తెలుగు. నన్ను “మావుసీ” అన్నాడు, పిన్నీ అన్నట్టు. ఆడి మీద నాకేటీ నేదు, కుర్రోడు మర్యాదస్తుడే. తలకాయ ముక్క ఆడికే ఏసినాను. మా తమ్ముడు పక్కన కూకున్నాడు. మీ నాన్న గిన్నె పట్టుకుని అన్నం ఒడ్డిత్తన్నాడు. ఏదో మాట కలపాల కదాని, “ఏటాడతావు బాబూ, కొడతావా?” అన్నాను.

“లేదు మావుసీ. నేను బాలు లేపుతాను” అన్నాడు.

మీ నాన్న సెయ్యి అలాగే ఆగిపోనాది. గరిటెలో అన్నం గరిటెలోనే ఉంది. నాను మా తమ్ముడి కేసి సూసినాను. తలెత్తనేదే ఆడు. ముల్లు నేని ముక్కలో ముల్లు ఎతుకుతన్నాడు! అప్పుడు మీ నాన్న ఆ అన్నం ఆ కుర్రోడి కంచంలో ఏసి, “అమ్మా, ఆడికి ఇంకొంచెం పులుసెయ్యి” అన్నాడు. అంతే.

“ఒరే, ఈ ఏడాదికి నువ్వాగరా” అని ముందుగా ఒక్క మాట సెప్పుంటే ఏటి పోయింది? పిల్లోడు ఏడిసీవోడు, నాను నాలుగు తిట్టీదాన్ని, అక్కడితో సరిపోయీది. సెప్పనేదు. నా సేత ఒండించి, నా కొడుకు సేత ఒడ్డించి, కంచాల కాడ తెలిసీలాగ సేసినాడు. సొంత తమ్ముడు!

పూండోలకి ఈ సంగతి బేగే తెలిసింది. ఇద్దరొచ్చినారు మనింటికి, “నువ్వు మా టీముకి ఆడు బాబూ, నెత్తినెట్టుకుంటాం” అని. ఎల్లరా, ఎల్లి మీ మావకి బుద్ది సెప్పరా అని నాను. మీ నాన్న ఒకటే మాట, “మావ మీద నాను ఆడనమ్మా.” ఆడక, టెక్కలి పోటీలకి మనోలకే నీళ్ళ బిందె మోసినాడు.

ఆఖరాట సూడ్డానికి నానూ బస్సెక్కి ఎల్లినాను. టుకునా ఎక్కడా కనబడడు. సూత్తే ఏటి, పూండోల బనీనేసుకుని వలకి అటేపు నిలబడున్నాడు! రాత్రికి రాత్రి తిప్పీసుకున్నారు. మనోలు గోల సేసినారు గాని అక్కడ ఇన్నోడెవుడు? రూలేటి రూలు. నాకైతే నవ్వొచ్చింది, నిజిం సెప్తాను. అప్పుడు మా తమ్ముడు నీళ్ళ బిందె కాడికొచ్చి, ఒక బనీను మీ నాన్న మీదకి ఇసిరి, “ఏసుకో” అన్నాడు.

“ఆడతావా” అని కాదు. “ఏసుకో” అని.

ఏసుకున్నాడు. ఆడినాడు. గెలిసినారే! ఎంకటేసు కొట్టిన దెబ్బలకి ఇసక నెగిసింది. ఎంకటేసుని బుజాలకెత్తినారు, మా తమ్ముడు కప్పెత్తినాడు, ట్రాక్టరు మీద ఊరేగినారు. నీళ్ళ బిందె ఎవులూ ముట్టుకోనేదు. పోయినప్పుడూ మీ నాన్నే మోసుకెల్లినాడు, ఒచ్చినప్పుడూ ఆడే మోసుకొచ్చినాడు. ఇప్పుడా కప్పులో మా మరదలు తెగిపోయిన గుండీలు ఏసుకుంటంది. ఎల్లినప్పుడు సూడు, టీవీ పక్కనే ఉంటది.

అక్కడితో బుద్దొచ్చిందనుకున్నాను. మరుసటేడు మల్లీ మా తమ్ముడు గుమ్మంలోకొచ్చినాడు. “అప్పా, ఇశాపట్నం నించి ఒక కుర్రోడొత్తన్నాడు. మొదటి వంతు నీదే.” నాకు ఒళ్ళు మండిపోనాది. “ఏటాడతాడురా ఆడు?” అన్నాను. నేల సూత్తన్నాడు. “లేపుతాడప్పా. గెలిసినాం కదా, ఇంక పెద్ద పోటీలకెల్లాల. మనోడికేటి, మన పిల్లోడే కదా, ఎక్కడికి పోతాడు?”

ఇన్నావా? ఎక్కడికి పోతాడంట! నమ్ముకున్నోడికి అదే బహుమానం ఈ లోకంలో.

దాక బోర్లించీసినాను, నాను ఒండనన్నాను. మీ నాన్నే, “ఒండమ్మా, వంతు తప్పకూడదు” అన్నాడు. మల్లీ ఆడే ఒడ్డించినాడు. ఒడ్డిత్తా ఒడ్డిత్తా ఆ కొత్తోడికి సెప్పినాడు, “ఎంకటేసుకి బాలు వలకి ఆనించకు. జానెడు ఎడంగా ఇయ్యి. ఎడం కాలు కాసింత ఆలీసెంగా ఎత్తుతాడు, ఒక్క సిటికేసినంత సేపాగి ఇయ్యి” అని. అంతా సెప్పీసి, సేతులు కడుక్కుని, జీడి తోటలోకి ఎల్లిపోనాడు. మల్లీ బాలు ముట్టుకోనేదు. ఇసక కేసి కూడా ఎల్లనేదు.

ఆ టీము ఉందేటి ఇప్పుడు? గెస్టులు రావడం మానేసినారు, మన పిల్లలు ఎప్పుడో మానేసినారు. ఆ ఇసకలో జీడిపిక్కలు ఆరబోత్తన్నారు.

మా తమ్ముడికి ఆట ఇద్దె తెల్దనను. ఆడి సేతుల్లో ఉంది, ఆడి కాడ నేర్సుకుంటే నీకూ ఒస్తాది. గాని నువ్వు సేసిందేటో ఎరుగుదువా? కంచం ముందు కూకున్న మీ నాన్నకి, “తాత నేర్పుతాడు” అని సెప్పినావు. ఆడికి మల్లీ కూడు కాడే తెలిసింది. నువ్వూ అడగనేదు, సెప్పినావంతే.

ఛ, ఏడవకు. నీకేటి తెలుసు, నీకెవులు సెప్పినారు? కళ్ళు తుడుసుకో. పెరట్లో ఉంటాడు, ఎల్లు. “నాన్నా, నువ్వు నేర్పుతావా?” అని అడుగు. నేర్పనంటాడేమో, అననీ. అయినా నువ్వడుగు. ఆ బాలు గురించి ఆణ్ణి ఇన్నేళ్ళలో ఒక్క మనిసి అడగనేదే, మావ అడగనేదు, ఊరడగనేదు.

నీ సేతులు సల్లగుండాల, నా తల్లి. ఎల్లు, బేగెల్లు. ఆడి కూడు సల్లారిపోతంది...