రెక్కల బాబాయ్ మడిచిన తోక

బస్టాండు పక్కన టీ కొట్టు అక్కకి ఆ రోజు చేతులు పనిలో నిలవడం లేదు. హెలికాప్టర్ల కర్మాగారంలో పెయింటర్ ఉద్యోగం కోసం కూతురు ఇంటర్వ్యూకి వెళ్ళింది, రెక్కల బాబాయ్ రాసిచ్చిన సిఫారసు ఉత్తరం పట్టుకుని. అది చూస్తే పెద్దాఫీసరు కుర్చీలోంచి లేస్తాడని బాబాయ్ మాట. అక్క నమ్మింది. నమ్మక చేసేదేముంది, అక్కడ పనిచేసి రిటైరైనవాళ్ళలో ఆవిడకి తెలిసింది ఈయనొక్కడే.

బాబాయ్ కొట్టు ముందు బల్ల మీద సర్దుకుని, పక్కన టీ తాగుతున్న టైలరుతో మొదలుపెట్టాడు.

“నేను చేసింది పెద్దదేం కాదురా. నౌకాదళం వాళ్ళు ఓడ మీదికి హెలికాప్టరు కావాలన్నారు. సామాను మోయాలి, మునిగేవాణ్ణి లాగాలి, అన్నిటికీ అదే. తీరా తయారయ్యాక ఓడలో గది చాల్లేదు. ఇంజనీర్లు తలలు పట్టుకుంటే, రెక్కలు మడవండయ్యా, గొడుగు మడవడం లేదూ అన్నాను. అంతే.”

“మరి తోకో?” అన్నాడు టైలరు.

“అక్కడికే వస్తున్నా. మోకాలు అడ్డం పెట్టి ఒక్క నొక్కు నొక్కాను, దుప్పటిలా మడతపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటిసారి ఎగరేస్తే తుఫాను. పైలట్ కళ్ళు తేలేశాడు. నేనే నడుపుతూ కిందకి చూస్తే ఓడ మునుగుతోంది, సరే పాపమని తాడేసి ఓడనే పైకి లాగాను, వంటగదిలో గిన్నె కూడా ఒలకలేదు, దాన్ని రేవులో దించి, హెలికాప్టర్ని మడత మీద మడత పెట్టి చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను.”

“బస్సులోనా?”

“కండక్టరు లగేజీ టిక్కెట్టు కూడా కొట్టాడు.”

అంతలో బస్సు ఆగి కూతురు దిగింది. అక్క ఎదురెళ్ళింది. “ఉత్తరం చూపించావా?”

“చూపించానమ్మా. గుమాస్తా చదివి, ‘తొక్క బాబాయ్ పంపాడా’ అన్నాడు.”

“రెక్కల బాబాయ్ కదే?”

“మన బాబాయ్ తాతయ్య అక్కడ అక్షరాలు రాసే పెయింటరట. తోక మీద ‘ఇక్కడ తొక్కరాదు’ అని రాయమంటే మడత చూసుకోలేదట. తోక మడిచేసరికి ‘రాదు’ అవతలికి పోయి, ‘ఇక్కడ తొక్క’ మిగిలింది. ఎవరో తొక్కారు కూడా, రేకు సొట్టపోయింది. పెద్దాఫీసరు నిజంగానే కుర్చీలోంచి లేచారమ్మా, నవ్వాపుకోలేక.”

అక్క కూతురి చెయ్యి పట్టుకుంది. “అయితే ఉద్యోగం?”

“ఉత్తరం పక్కన పెట్టి, నా చేత రాయించి చూశారు. రేపట్నుంచి రమ్మన్నారు. మొదటి పని ఆ తోకే. ‘రాదు’ని ఇవతలికి తేవాలి.”

అక్కకి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఈ మనిషి కోతల మీద బిడ్డ బతుకు పెట్టింది తను.

బాబాయ్ గొంతు సవరించుకుని ఖాళీ గ్లాసు ముందుకు జరిపాడు. “నా ఉత్తరం లేకపోతే గేటే దాటనిచ్చేవారు కాదు. ఆ సంతోషంలో ఇంకో టీ పొయ్యమ్మాయ్.”

“రాదు,” అంది అక్క.